దారం ఎవరిది, లెక్క ఎవరిది: మన లేసు పనిలో భాగస్వాములు, బేరగాళ్ళు



ఈ ఏడాది నివేదికలో పొదుపు, రికవరీ, బ్యాంకు లింకేజీ లెక్కలతో పాటు లేసు పని చరిత్ర కూడా కొంత ఉండాలని కార్యవర్గంలో అనుకున్నాం. రాసే పని మా సంఘానికి అప్పజెప్పారు. ఎందుకో అందరికీ తెలిసిందే. ఒక ఎగుమతి కంపెనీవాళ్ళు మన సమాఖ్యకి ఒక కాగితం పంపారు. పైన పెద్ద అక్షరాలతో "భాగస్వామ్య ఒప్పందం" అని ఉంది. దానిమీద సంతకం పెట్టాలో వద్దో సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. కాగితం చదివి వినిపించినప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: "ఇన్నాళ్ళూ వాళ్ళకి సరుకిచ్చాం కదా, ఇప్పుడు భాగస్వాములం అంటే ఏం మారుతుంది?" మేము చదువుకున్నది పదో తరగతి వరకే. అయినా శిక్షణల్లో విన్నవి, పుస్తకాల్లో చదివినవి, మా అమ్మల దగ్గర తెలుసుకున్నవి కలిపి చెప్పగలిగినంత చెబుతాం.

ముందు మన పొలం మాటలతో మొదలుపెడదాం. డెల్టాలో చేను పరాయివాళ్ళకి ఇవ్వడంలో రెండు పద్ధతులు మనందరం ఎరుగుదుం. ఒకటి కౌలు. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటారు. పంట పండినా, తుఫానుకి పడుకుండిపోయినా రైతుకి ఆ బస్తాలు కొలవాల్సిందే. రెండోది పాలు. పండినదాంట్లో వాటా. పండితే ఇద్దరికీ, పోతే ఇద్దరికీ. కౌలులో చేను ఆసామి కళ్ళంలోకి రాకపోయినా ఫరవాలేదు. పాలులో అయితే కళ్ళంలో కుప్ప కొలిచేటప్పుడు ఇద్దరూ ఉండాలి, కొలత ఇద్దరికీ కనపడాలి. వ్యాపారంలో కూడా ఇంతే. ఒక ధర మాట్లాడుకుని సరుకు వేసేది ఒక రకం, వచ్చినదాంట్లో పాలు పంచుకునేది ఇంకో రకం. ఇందులో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని మేము అనటం లేదు. తుఫాను ఏడాది పాలు తీసుకున్న ఆసామి కంటే కౌలుకిచ్చిన ఆసామే సుఖంగా ఉంటాడు. కాకపోతే ఏది ఏదో తెలిసి ఒప్పుకోవాలి.

మాటని మాత్రం నమ్మటానికి లేదు. పాలికాపు అనే మాటలో పాలు ఉంది. మాట చూస్తే వాటాదారుడు. కానీ మన తాతల కాలానికే పాలికాపన్నా పాలేరన్నా ఏడాది జీతానికి ఉండే మనిషే. పేరులో వాటా మిగిలింది, గాదెలో మిగల్లేదు.

మన నరసాపురం ప్రాంతానికి ఈ సంగతి కొత్త కాదు. లేసుకంటే ముందు ఇక్కడ నేతగుడ్డ ఉండేది. 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్ళు పాలకొల్లులో, ఇంగ్లీషువాళ్ళు నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో కొట్లు పెట్టి గుడ్డ కొనేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ నోట మాధవాయిపాలెం "మడపొల్లం" అయ్యింది. ఆ పేరుతో ఒక రకం నూలుగుడ్డ దేశదేశాల్లో అమ్ముడుపోయింది. ఊరి పేరు గుడ్డకి వచ్చింది కానీ గుడ్డ నేసినవాడి పేరు ఎక్కడా లేదు.

అప్పటి పద్ధతి బయానా పద్ధతి. వర్తకుడు ముందుగా డబ్బిస్తాడు, నేతగాడు నూలు కొనుక్కుని గుడ్డ నేసి ఇస్తాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. చరిత్ర రాసినవాళ్ళు చెప్పేదాన్నిబట్టి దక్షిణాదిలో పాత ఆచారం ప్రకారం నేతగాడికి బేరం నచ్చకపోతే బయానా తిరిగిచ్చేసి తప్పుకోవచ్చు. ఇంకెవరైనా మంచి ధర ఇస్తే వాళ్ళకి నేయవచ్చు. వర్తకుడికి మాత్రం అట్లా బయానా వెనక్కి లాక్కుని మాట తప్పే వీలుండేది కాదు. అంటే నేతగాడు భాగస్వామి కాకపోయినా, సరుకిచ్చేవాడే అయినా, అతనికి ఒక బలం ఉంది. వెళ్ళిపోగలగటమే ఆ బలం.

1765, 1766 సంవత్సరాల్లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. కొనేవాడే పాలకుడయ్యాడు. ఆ తర్వాత కంపెనీ మధ్యవర్తకుల్ని తగ్గించి గుమాస్తాల ద్వారా నేరుగా నేతగాళ్ళకి బయానాలివ్వడం మొదలుపెట్టింది. వినటానికి ఇది బాగానే ఉంటుంది, దళారీ పోయాడు కదా అని. కానీ బయానా తీసుకున్నవాడు కంపెనీకి తప్ప వేరేవాళ్ళకి నేయకూడదన్నారు. నేస్తే బంట్రోతుల్ని కాపలా పెట్టారు. తిరిగిచ్చేసి తప్పుకునే హక్కు పోయింది. కంపెనీ కొనే ధర, కంపెనీ చూసే నాణ్యం, కంపెనీ రాసే లెక్క. గోదావరి జిల్లాల నేతగాళ్ళు దీనిమీద ఎదురుతిరిగారని, పని ఆపేశారని కూడా చదివాం. కొనేవాళ్ళు పదిమంది ఉన్నప్పుడు సరుకు వేసేవాడు మనిషిగా నిలబడతాడు, ఒక్కడే మిగిలితే కూలివాడవుతాడు. మేము ఈ పాత కథ ఇంత విడమర్చి రాయటానికి కారణం ఉంది. మన చేతికొచ్చిన కాగితంలో "సమాఖ్య వేరే కొనుగోలుదారులకు లేసు వస్తువులు అమ్మరాదు" అని ఒక వాక్యం ఉంది.

ఇక లేసు. 1844 ప్రాంతంలో మెక్రే దంపతులనే మిషనరీలు మన వైపు ఆడవాళ్ళకి ఈ అల్లిక నేర్పారని చెబుతారు. పేదరికంలో నాలుగు డబ్బులు వస్తాయని నేర్పిన పని. అమ్మకం కూడా మొదట్లో మిషనరీల స్నేహితుల ద్వారానే. 1900 తర్వాత అది వ్యాపారమయ్యింది, వర్తకులొచ్చారు, సరుకు సముద్రం దాటింది. అప్పటినుంచి పద్ధతి మన అమ్మమ్మల కాలం దాకా పెద్దగా మారలేదు. వర్తకుడు దారం ఇస్తాడు. ఏజెంటు ఆ దారం ఊళ్ళోకి తెచ్చి ఇళ్ళకి పంచుతాడు. ఇంట్లో ఆడవాళ్ళు వంట, పిల్లలు, గొడ్లు అన్నీ చూసుకుని మిగతా పొద్దంతా అల్లుతారు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అంచు అల్లుతారు, అతుకుపని చేసేవాళ్ళు ముక్కలన్నీ కలుపుతారు. ఏజెంటు వచ్చి పట్టుకెళ్తాడు. ముక్కకింత అని కూలి. మొత్తం టేబుల్ గుడ్డ ఎట్లా ఉంటుందో పువ్వు అల్లినామె చూడదు. అది ఏ దేశం పోయిందో, ఎంతకి అమ్మారో అసలే తెలియదు.

1970ల చివర్లో జర్మనీ నుంచి మరియా మీస్ అనే పరిశోధకురాలు వచ్చి మన చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉండి ఈ పని గురించి రాసింది. ఆమె పుస్తకం 1982లో వచ్చింది. దాంట్లో ఆమె తేల్చిన ముఖ్యమైన సంగతి ఒకటి శిక్షణలో మాకు చెప్పారు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆడవాళ్ళని వర్తకులు పనివాళ్ళు అనేవాళ్ళు కాదు. "ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు, తీరిక వేళల్లో అల్లుకుంటారు" అనేవాళ్ళు. మన ఆడవాళ్ళే అలా చెప్పుకునేవాళ్ళు, పరువుకోసం. తీరిక పని అన్నాక కూలి అడగటానికి నోరేది? పొలం కూలికి చట్టం రాసిన రేటు ఉంది. అల్లికకి వచ్చేది దానికంటే చాలా తక్కువ. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ "లేసు కుట్టుకుంటున్నాం" అనే అంటారు కానీ "లేసు పనికి పోతున్నాం" అనరు. ఎక్కడికీ పోనక్కర్లేదు మరి, గుమ్మంలోనే కూర్చుని ప్రపంచానికి పనిచేశాం.

కాబట్టి రెండు కాదు, మూడు రకాలున్నాయని మాకు అర్థమైంది. దారం వర్తకుడిది, డిజైను వర్తకుడిది, మనది చెయ్యి మాత్రమే అయితే అది కూలి. దారం మనమే కొని, అల్లి, ధర చెప్పి అమ్మితే మనం సరుకు వేసేవాళ్ళం, అవతలివాళ్ళు మన బేరగాళ్ళు. పెట్టుబడిలోనూ, నిర్ణయంలోనూ, లాభనష్టాల్లోనూ పాలుంటే భాగస్వాములు. మన అమ్మలు మొదటి రకంలోనే బతుకంతా గడిపారు. సంఘాలు వచ్చాక మనం రెండోదాంట్లోకి వచ్చాం. ఇది చిన్న అడుగు కాదు.

ఆ అడుగు ఎట్లా పడిందో కొద్దిగా చెబుతాం, మిగతాది అందరికీ తెలిసిందే. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నాబార్డు సంఘాలకి బ్యాంకు లింకేజీ పెట్టింది. 1995లో మన రాష్ట్రంలో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది, దానితో ప్రభుత్వం పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలు రిజిస్టరు చేసుకునే వీలు కలిగింది. లేసు అల్లేవాళ్ళ సంఘాలు కూడా ఆ చట్టం కిందే ఏర్పడ్డాయి. సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర వచ్చాకే కంపెనీలు మనల్ని వెతుక్కుంటూ ఎక్కువగా వస్తున్నాయి. "భాగస్వాములు" అనే మాట కూడా అప్పటినుంచే ఎక్కువగా వింటున్నాం.

భాగస్వామ్యం అసలు ఎట్లా ఉంటుందో చూడాలంటే బొంబాయి అప్పడాల సంగతి చెప్పాలి. 1959 మార్చి 15న గిర్‌గాంలో ఏడుగురు గుజరాతీ ఆడవాళ్ళు మేడమీద కూర్చుని అప్పడాలు వత్తారు. పెట్టుబడి అప్పు తెచ్చిన 80 రూపాయలు. మొదటిరోజు నాలుగు ప్యాకెట్లు. అదే లిజ్జత్ అయ్యింది. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. లిజ్జత్‌లో పని చేసే తీరు చూస్తే మొదట మాకు ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే అది అచ్చం మన లేసు పద్ధతిలాగే ఉంది. పొద్దున్నే సభ్యులు శాఖకి వెళ్ళి కలిపిన పిండి తెచ్చుకుంటారు. ఇంట్లో వత్తి, ఆరబెట్టి, మర్నాడు తూకం వేసి ఇస్తారు. తూకానికింత అని డబ్బు. పిండి ఇంటికి రావటం, అప్పడం బయటికి పోవటం, మధ్యలో ఆడమనిషి ఇల్లు. మన దారం రావటం, లేసు పోవటం లాగే.

మరి తేడా ఎక్కడుంది? వత్తే ప్రతి ఆమె అక్కడ సంస్థకి యజమాని. ఆమెని పనిమనిషి అనరు, సభ్య సోదరి అంటారు. వత్తిన కూలి ఇచ్చాక మిగిలిన లాభం సభ్యులది, నష్టం వస్తే అదీ సభ్యులదే. మొదట్లో నష్టం వచ్చినా విరాళాలు తీసుకోకూడదని వాళ్ళు నిర్ణయించుకున్నారట. అంటే బయటినుంచి చూస్తే కూలిపనికీ భాగస్వామ్యానికీ తేడా కనపడదు. అదే గిన్నె, అదే కర్ర, అదే నడక. కూలి ఇచ్చాక మిగిలిన డబ్బు ఎవరి పుస్తకంలోకి పోతుందన్న దగ్గరే తేడా. ఇంకో సంగతి, అదే లిజ్జత్ మినప్పప్పు కొనేటప్పుడు మామూలు బేరగాడే. పప్పు వర్తకుడిని భాగస్వామి అని పిలవనక్కర్లేదు. మంచి పప్పు తీసుకుని డబ్బులు ఇచ్చేస్తే చాలు.

గుజరాత్‌లోనే ఆనంద్ పాల రైతుల కథ దీనికి జత. ఖేడా జిల్లా పాలు పోల్సన్ అనే కంపెనీ ద్వారా బొంబాయి పోయేవి. పాలు పోసేవాళ్ళు రైతులు, ధర చెప్పేది వాళ్ళు కాదు. రైతులు పాలు పోయడం మానేసి, 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ ముందుండగా సొంత యూనియన్ పెట్టుకున్నారు. అదే తర్వాత అమూల్. మన తెలుగునాట కూడా ముల్కనూరులో ఆడవాళ్ళ పొదుపు సంఘాలవాళ్ళే పాల డెయిరీ పెట్టుకుని 2002 నుంచి నడుపుకుంటున్నారు. ఈ మూడు చోట్లా ఆడవాళ్ళుగానీ రైతులుగానీ పెద్ద కంపెనీతో భాగస్వాములు కాలేదని గమనించండి. తమలో తాము భాగస్వాములై, బయటివాళ్ళతో బేరం చేశారు. మాకైతే ఇదే అసలు సంగతి అనిపిస్తుంది.

చట్టం ఏమంటుందో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే సంతకం పెట్టాక మాటకి కాదు, చట్టానికే విలువ. భాగస్వామ్య చట్టం 1932లో వచ్చింది. దాని ప్రకారం వేరే ఒప్పందం ఏమీ లేకపోతే భాగస్వాములకి లాభంలో సమాన వాటా, నష్టంలో సమాన వాటా. వ్యాపారం నడపటంలో పాల్గొనే హక్కు ఉంటుంది. లెక్కల పుస్తకాలు చూసి నకలు రాసుకునే హక్కు ఉంటుంది. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది, అది వింటే గుండె గుభేలుమంటుంది: సంస్థ చేసిన అప్పులకి ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యులు. కంపెనీ ఎక్కడో చేసిన అప్పుకి కూడా అప్పులవాడు మన గుమ్మంలోకి రావచ్చు. పొత్తుల మగడు పుచ్చి చచ్చె అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కాబట్టి "భాగస్వామి" అనగానే మర్యాద చేశారని పొంగిపోవాల్సిన పని లేదు.

సరుకు వేసేవాళ్ళకి కూడా చట్టంలో రక్ష ఉంది, ఇది చాలామందికి తెలియదు. 2006లో వచ్చిన చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, సరుకు తయారుచేసే చిన్న సంస్థ ఉద్యమ్‌లో నమోదై ఉంటే, కొన్నవాళ్ళు సరుకు అందిన 45 రోజుల లోపల డబ్బు కట్టాలి. కాగితంలో ఇంకా ఎక్కువ రోజులు రాసుకున్నా చెల్లదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ, అదీ చక్రవడ్డీ. చిన్న సంస్థలు తయారుచేసిన సరుకు అమ్మే సహకార సంఘాలకి కూడా ఇది వర్తిస్తుంది. రెండేళ్ళ క్రితం ఒక కొనుగోలుదారు దగ్గర మా సంఘం డబ్బు ఏడు నెలలు ఆగిపోయింది. ఫోను చేస్తే "మనం మనం ఒకటి కదమ్మా, డబ్బులెక్కడికి పోతాయి" అనేవాళ్ళు. ఆ ఏడు నెలలూ సభ్యులు బయట వడ్డీకి తెచ్చుకున్నారు. మనం మనం ఒకటయితే ఆ వడ్డీలో సగం వాళ్ళు కట్టాలి కదా!

ఇప్పుడు మన కాగితం సంగతి. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరుగారు బాగానే మాట్లాడారు. "అమ్మా, మీరు మాకు సప్లయర్లు కాదండి, పార్టనర్లు" అన్నారు. మా సంఘంలో పెద్దావిడ, అందరం పెద్దమ్మా అని పిలుస్తాం, అరవై ఏళ్ళుగా అల్లుతున్న మనిషి. ఆవిడ అడిగింది, "మంచిదే బాబూ, మరి మా లేసు అక్కడ ఎంతకి అమ్ముతున్నారో పుస్తకం చూపిస్తారా?" ఆయన నవ్వి, "అది కంపెనీ లెక్కమ్మా" అన్నారు. పెద్దమ్మ ఇంకేం అనలేదు, తన అల్లిక తాను చేసుకుంది.

కాగితం మొత్తం చదివాం. దారం మనమే కొనాలి. డిజైను వాళ్ళిస్తారు. ధర ప్రతి సీజనుకీ వాళ్ళు "సూచిస్తారు". అమ్ముడుపోని సరుకు ఆరు నెలల తర్వాత మనకి తిప్పి పంపవచ్చు, రవాణా ఖర్చు మనదే. వేరేవాళ్ళకి అమ్మకూడదు. లాభంలో వాటా అన్న మాట ఎక్కడా లేదు. డబ్బు 90 రోజుల్లో ఇస్తారు. అంటే నష్టంలో మనకి పాలు ఉంది, లాభంలో లేదు. పాలులో ఉన్న కష్టం, కౌలులో ఉన్న కష్టం రెండూ మనకే వచ్చాయి.

అయినా వాళ్ళని తిట్టి పంపేయాలని మేము అనటం లేదు. వాళ్ళ ఆర్డరు పెద్దది. తీసుకుంటే మన మూడు ఊళ్ళ సంఘాల్లో ఏడాదంతా పని ఉంటుంది. వానాకాలంలో పొలం పని లేనప్పుడు ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు కడతాం. కాదంటే ఏజెంట్లు పాత పద్ధతిలోనే ఇంటికి దారం తెస్తారు, కొందరు సభ్యులు వాళ్ళ దగ్గరికే పోతారు. వాళ్ళని తప్పుపట్టటానికి లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి. అందుకే కార్యవర్గం కంపెనీకి తిరిగి ఒక ఉత్తరం రాసింది. పేరు మార్చి "కొనుగోలు ఒప్పందం" అని పెట్టండి, డబ్బు 45 రోజుల్లో ఇవ్వండి, తిప్పి పంపటం సరుకు అందిన పది రోజుల్లో నాణ్యం తేడా ఉంటేనే అని రాయండి, వేరేవాళ్ళకి అమ్మకూడదన్న మాట తీసేయండి అని. లేదూ, భాగస్వామ్యమే కావాలంటే నరసాపురం ముద్ర వేసి అమ్మిన ప్రతి వస్తువు అమ్మకం లెక్క ఏడాదికి రెండుసార్లు మాకు చూపించి, లాభంలో వాటా రాయండి అని.

45 రోజులకి వాళ్ళు ఒప్పుకున్నారు. తిప్పి పంపే విషయంలో పది రోజులు చాలవు, ముప్పై కావాలన్నారు. మాకు ఇరవైకి కుదురుతుందని ఆశ ఉంది. వేరేవాళ్ళకి అమ్మకూడదన్న మాట మాత్రం తీయమంటున్నారు, వాళ్ళ డిజైన్లు బయటికి పోతాయని భయం. వాళ్ళ డిజైన్లు వేరేవాళ్ళకి అల్లమని రాసిస్తే సరిపోతుంది కదా, మన పాత డిజైన్లు మన ఇష్టం అని మా అభిప్రాయం. దీనిమీద సమావేశంలో మాట్లాడాలి. లెక్క పుస్తకం సంగతికి ఇంకా జవాబు రాలేదు.

ఒప్పందం తెలుగు ప్రతి, మన ఉత్తరం, వాళ్ళ జవాబు మూడూ సమాఖ్య ఆఫీసులో ఉన్నాయి. ప్రతి గ్రామ సంఘానికి నకలు పంపాం. చదవటం రాని సభ్యులకి సంఘం మీటింగులో పుస్తకాలు రాసే అమ్మాయి మొత్తం చదివి వినిపించాలి, సగంలో ఆపవద్దు. తిప్పి పంపే వాక్యం నాలుగో పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంది, అది మర్చిపోకుండా చదవండి.